స్నేహ చక్రాన్ని తిప్పిన పాల్ హారిస్

మన హాస్టల్లో గడిపిన మొదటి రాత్రి ఎవరికైనా గుర్తుంటుంది. ట్రంకు పెట్టె, దుప్పటి, కంచం, గ్లాసు ఒక మూల పెట్టించి, వార్డెన్ గారితో రెండు మాటలు మాట్లాడి, చివరి బస్సు పోతుందని నాన్న వెళ్లిపోతాడు. గేటు దాకా పోయి నిలబడి చూస్తాం. బస్సు మలుపు తిరిగాక వెనక్కి వస్తే గదినిండా తెలియని ముఖాలే. ఆ రాత్రి దుప్పటి ముసుగులో ఏడవనివాళ్లు మనలో తక్కువ. తెల్లారేసరికి ఎవడో ఒకడు తన బకెట్టు పక్కనే మన బకెట్టు కూడా పంపు దగ్గర వరుసలో పెడతాడు. మీదే ఊరని అడుగుతాడు. అక్కడి నుంచి ఇది మన హాస్టల్ అవుతుంది.

వార్షికోత్సవ సంచికలో ఒక మహనీయుని జీవితం రాసుకోవడం మనకు అలవాటు. అంబేద్కర్, జ్యోతిబా ఫూలే, సావిత్రీబాయి, జాషువా గార్ల గురించి ఎన్నిసార్లు రాసుకున్నా ఇంకా మిగిలే ఉంటుంది. ఈసారి మేము ఒక పరదేశీయుణ్ణి ఎంచుకున్నాం. ఆయన పేరు మనలో చాలామంది విని ఉండరు. ఆయన మొదలుపెట్టిన సంస్థ గుర్తు మాత్రం అందరం చూసే ఉంటాం. పట్టణం పొలిమేరలో, బస్ షెల్టరు మీద, మంచినీళ్ల కుళాయి దగ్గర, కంటి వైద్య శిబిరం బ్యానరు మీద పళ్ల చక్రం ఒకటి కనిపిస్తుంది. ఇరవై నాలుగు పళ్లు, ఆరు ఆకులు ఉన్న ఆ చక్రం రోటరీ క్లబ్బు గుర్తు. ఆ చక్రాన్ని మొదట తిప్పినవారు పాల్ హారిస్. ఆయన కూడా మనలాగే అమ్మానాన్నలకు దూరంగా పెరిగినవారు.

తాత ఇంట్లో మొదటి రాత్రి

పాల్ హారిస్ 1868 ఏప్రిల్ 19న అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో, రసీన్ అనే పట్టణంలో పుట్టాడు. తండ్రి జార్జి, తల్లి కార్నీలియా. తాత హోవర్డ్ హారిస్ తన కొడుక్కి మందుల షాపు పెట్టించి ఇచ్చాడు. జార్జికి డబ్బు ఖర్చు పెట్టడం తెలిసినంతగా నిలబెట్టుకోవడం తెలియలేదు. షాపు మునిగిపోయింది. ఇల్లు గడవని పరిస్థితి వచ్చింది.

1871 జులైలో జార్జి తన ఇద్దరు కొడుకులను వెంటబెట్టుకుని రైలెక్కాడు. పెద్దవాడు సెసిల్‌కు అయిదేళ్లు, పాల్‌కు మూడేళ్లు. తల్లి, పసిపాప అక్కడే ఉండిపోయారు. ఆ రైలు వాళ్లను వందల మైళ్ల అవతల వెర్మాంట్ రాష్ట్రంలోని వాలింగ్‌ఫర్డ్ అనే చిన్న ఊళ్లో రాత్రిపూట దింపింది. తండ్రి తప్ప తెలిసిన ముఖం లేదు. మూడేళ్ల పాల్ ఆ చీకట్లో తాత చెయ్యి పట్టుకుని ఇంటికి నడిచాడు. తల్లిదండ్రులు మళ్లీ కుదురుకుని పిల్లలను తీసుకుపోవాలని ఆ తర్వాత ప్రయత్నించారు కానీ అది నిలవలేదు. పాల్‌ను పెంచి పెద్దచేసింది తాత హోవర్డ్, నానమ్మ పమేలాలే.

వాలింగ్‌ఫర్డ్ చుట్టూ కొండలు. చలికాలమంతా మంచు. ఊళ్లో అందరికీ అందరూ తెలుసు. తాత ఎక్కువ మాట్లాడేవాడు కాదు. పొద్దున లేచింది మొదలు పని చేసుకునేవాడు. ఇతరుల గురించి చెడ్డగా మాట్లాడటం ఆ ఇంట్లో ఉండేది కాదు. ఒకరి మతాన్ని ఒకరు కించపరచకూడదని, ఎదుటివాడి అభిప్రాయం నచ్చకపోయినా వాడితో స్నేహంగా ఉండవచ్చని పాల్ ఆ ఇంట్లోనే నేర్చుకున్నాడు. ముసలితనంలో తన బాల్యం గురించి రాసుకున్నప్పుడు, తాను స్థాపించిన సంస్థకు మూలం ఆ లోయలోనే, ఆ ముసలి దంపతుల ఇంట్లోనే ఉందని చెప్పుకున్నారు.

అంతమాత్రాన పాల్ బుద్ధిమంతుడైన కుర్రాడని అనుకోవద్దు. అల్లరిలో ఊరికి మొనగాడు. కాలేజీకి వెళ్లినా ఆ అల్లరి పోలేదు. వెర్మాంట్ విశ్వవిద్యాలయంలో కొత్త విద్యార్థులను ఏడిపించే ఒక రహస్య ముఠాతో సంబంధం ఉందని 1886లో మరికొందరితో పాటు ఆయనను బయటికి పంపేశారు. మన భాషలో చెప్పాలంటే ర్యాగింగ్ కేసు. ఈ సంగతి దాచిపెట్టి గొప్పలు మాత్రమే రాయడం మాకు ఇష్టం లేదు. జీవితమంతా స్నేహం గురించి చెప్పిన మనిషి పద్దెనిమిదేళ్ల వయసులో ఇటువంటి నింద మోశారు. మనిషి మారగలడనడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ ఏముంటుంది? అదే విశ్వవిద్యాలయం 1933లో ఆయనకు గౌరవ డాక్టరేటు ఇచ్చింది.

తరువాత ప్రిన్‌స్టన్‌లో చేరాడు. 1888లో తాత చనిపోయాడు. చదువు మధ్యలో ఆగింది. పాలరాయి కంపెనీలో కొన్నాళ్లు పనిచేసి, తర్వాత పడమటి వైపు వెళ్లి లా చదివాడు. 1891లో అయోవా విశ్వవిద్యాలయం నుంచి పట్టా పుచ్చుకున్నాడు. తాత ఉండగా చూడాలనుకున్న పట్టా అది.

అయిదేళ్ల దేశ సంచారం

లా పట్టా చేతికి వచ్చినవాడు ఏం చేస్తాడు? ఎవరో ఒక సీనియర్ దగ్గర చేరతాడు. పాల్ అలా చేయలేదు. ప్రాక్టీసు మొదలుపెట్టే ముందు అయిదేళ్లపాటు లోకం చూడాలని నిర్ణయించుకున్నాడు. జేబులో డబ్బు లేదు. ఎక్కడ ఏ పని దొరికితే అది చేస్తూ ముందుకు పోవడమే ఆయన పద్ధతి.

శాన్ ఫ్రాన్సిస్కోలో పత్రికా విలేఖరిగా పనిచేశాడు. కాలిఫోర్నియా తోటల్లో ఎండుద్రాక్ష ప్యాకింగు చేశాడు. లాస్ ఏంజిలిస్‌లో ఒక బిజినెస్ కాలేజీలో పాఠాలు చెప్పాడు. డెన్వర్‌లో నాటక కంపెనీలో వేషాలు వేశాడు. పశువుల కాపరులతో కలిసి గుర్రం మీద తిరిగాడు. ఫ్లోరిడాలో ఒక హోటల్లో రాత్రి గుమాస్తాగా మేలుకున్నాడు. పాలరాయి, గ్రానైటు అమ్మే ఏజెంటుగా ఊరూరా తిరిగాడు. ఇంగ్లండు చూడాలనిపించింది. ఓడ టిక్కెట్టుకు డబ్బు లేక పశువులను తీసుకుపోయే ఓడలో కూలీగా చేరి, పశువులకు గడ్డి వేస్తూ, పేడ ఎత్తుతూ సముద్రం దాటాడు. ఆ ఓడలో కూలీలకు పెట్టిన తిండి, పడుకోవడానికి ఇచ్చిన చోటు ఎంత హీనంగా ఉండేవో జీవితాంతం మరచిపోలేదు.

ఈ అయిదేళ్లూ ఆయనకు రెండో విశ్వవిద్యాలయం. కూలివాడి పక్కన పడుకున్నాడు. షావుకారు పక్కన కూర్చున్నాడు. భాష వేరైనా, యాస వేరైనా మనుషుల మంచితనం ఒకలాగే ఉంటుందని తెలుసుకున్నాడు. పరాయి ఊళ్లో ఒక పూట అన్నం పెట్టి పక్క చూపించినవాడి విలువ ఎంతటిదో పుస్తకం చదివి నేర్చుకోలేదు. అనుభవించి నేర్చుకున్నాడు. తరువాతి కాలంలో ఒక దేశపు పిల్లవాడు మరో దేశంలోని ఇంట్లో ఉండి చదువుకునే పద్ధతిని రోటరీ క్లబ్బులు నడిపాయంటే, దాని బీజం ఈ సంచారంలో కూడా ఉందని మాకు అనిపిస్తుంది.

జనం మధ్య ఒంటరితనం

అనుకున్న ప్రకారం 1896లో షికాగో చేరి బోర్డు కట్టుకుని ప్రాక్టీసు పెట్టారు. షికాగో అప్పుడు పొగగొట్టాలతో, రైళ్లతో, కొత్తగా వచ్చిపడే జనంతో రోజురోజుకూ ఉబ్బిపోతున్న నగరం. పగలు కోర్టులు, కక్షిదారులు. సాయంత్రానికి ఎవరి దారి వారిది. వ్యాపారంలో పరిచయాలు బోలెడు. కష్టం సుఖం చెప్పుకునే మనిషి ఒక్కడూ లేడు. ఆదివారాలు, పండుగ రోజులు మరీ దుర్భరం. ఆదివారం పొద్దున ఒక చర్చికి, సాయంత్రం మరో చర్చికి, మధ్యలో పార్కులకు తిరిగేవారు. చుట్టూ వేలమంది. తెలిసిన ముఖం ఒక్కటీ లేదు.

పల్లె నుంచి పట్నం వచ్చినవాళ్లకు ఈ బాధ విడమరచి చెప్పనవసరం లేదు. మన పాత విద్యార్థులు ఉద్యోగాల కోసం హైదరాబాదు, బెంగళూరు, దుబాయి వెళ్లి మొదటి సంవత్సరం ఎలా గడిపారో అడిగితే ఇదే చెబుతారు.

సుమారు 1900 ప్రాంతంలో ఒక సాయంత్రం తోటి లాయరు ఒకరు పాల్‌ను భోజనానికి పిలిచారు. తిన్న తర్వాత ఇద్దరూ అలా వీధిలో నడిచారు. ఆ లాయరు ప్రతి దుకాణం ముందూ ఆగి, దుకాణదారుణ్ణి పేరు పెట్టి పలకరించి, పాల్‌ను పరిచయం చేశారు. పాల్‌కు వాలింగ్‌ఫర్డ్ గుర్తుకొచ్చింది. ఇంత పెద్ద నగరంలో కూడా ఒక చిన్న పల్లెను కట్టుకోవచ్చు కదా అనిపించింది. ఆ ఆలోచన వెంటనే పని కాలేదు. దాదాపు అయిదేళ్లు మనసులో నానింది.

711వ నంబరు గది

1905 ఫిబ్రవరి 23. షికాగోలో యూనిటీ బిల్డింగు అనే భవనంలో 711వ నంబరు గది. అది గస్టావస్ లోయర్ అనే మైనింగ్ ఇంజనీరు ఆఫీసు. ఆ రాత్రి అక్కడ నలుగురు కూర్చున్నారు. ఒకరు లాయరు పాల్ హారిస్. రెండోవారు బొగ్గు వ్యాపారి సిల్వెస్టర్ షీల్. మూడోవారు దర్జీ దుకాణం నడిపే హైరమ్ షోరీ. నాలుగోవారు ఆ గది యజమాని లోయర్. ఒక్కో వృత్తి నుంచి ఒక్కరు చొప్పున కలుసుకోవాలని, ఒకరికొకరు స్నేహితులుగా ఉంటూ ఒకరి వ్యాపారానికి ఒకరు తోడుపడాలని అనుకున్నారు. ఒకసారి ఒకరి ఆఫీసులో, మరోసారి మరొకరి ఆఫీసులో వంతులవారీగా కలుసుకునేవారు. అలా తిరుగుతూ ఉండటం వల్లనే రోటరీ అనే పేరు పెట్టుకున్నారు.

మొదటి అధ్యక్షుడు పాల్ హారిస్ కాదు. ఆయన సిల్వెస్టర్ షీల్‌ను ముందు నిలబెట్టారు. తర్వాత వచ్చి చేరిన హ్యారీ రగ్గల్స్ అనే ప్రెస్సు యజమాని సమావేశాల్లో అందరిచేతా పాటలు పాడించాడు. పెద్ద పెద్ద వ్యాపారులు చిన్నపిల్లల్లా పాడుకుని, ఒకరినొకరు పేరు పెట్టి పిలుచుకుని నవ్వుకునేవారు. మొదట కూడిన నలుగురిలో షోరీ, లోయర్ ఎక్కువ కాలం నిలవలేదు. షీల్ మాత్రం చివరి వరకు పాల్‌కు ప్రాణస్నేహితుడిగానే ఉన్నాడు.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. ఆ క్లబ్బు సేవ కోసం పుట్టలేదు. 1906 జనవరిలో రాసుకున్న నియమావళిలో రెండే రెండు ఉద్దేశాలు ఉన్నాయి. ఒకటి సభ్యుల వ్యాపారం పెరగడం. రెండోది సభ్యుల మధ్య స్నేహం పెరగడం. అంటే నీకు నేను, నాకు నువ్వు. ఆ సంవత్సరమే డోనాల్డ్ కార్టర్ అనే పేటెంటు లాయరును సభ్యుడిగా చేరమని అడిగారు. ఆయన నియమావళి చూసి చేరడానికి ఒప్పుకోలేదు. సభ్యులకు తప్ప మరెవరికీ పనికిరాని సంఘం ఎక్కువ కాలం బతకదని ఆయన వాదన. ఈ మాటకు పాల్ హారిస్ నొచ్చుకోలేదు. మీరే వచ్చి దాన్ని మార్చండని పిలిచారు. కార్టర్ చేరారు. నగరం మేలు కోసం పనిచేయడం అనే మూడో ఉద్దేశం నియమావళిలోకి వచ్చింది. చక్రం నిజంగా తిరగడం మొదలైంది అప్పుడేనని మా అభిప్రాయం.

మరుగుదొడ్డితో మొదలైన సేవ

ప్రపంచమంతా వ్యాపించిన ఈ సంస్థ చేపట్టిన తొలి పెద్ద పని ఏమిటో తెలుసా? మరుగుదొడ్లు కట్టించడం. షికాగో నగరం నడిబొడ్డున పనిమీద వచ్చే మామూలు జనానికి మరుగుదొడ్డి లేదు. ఉంటే సారా దుకాణంలో ఉండాలి, లేదా పెద్ద పెద్ద బట్టల షాపుల్లో ఉండాలి. అక్కడికి పోయినవాడు ఏదో ఒకటి కొనకుండా బయటికి రాలేడు. 1907లో రోటరీ క్లబ్బు పూనుకుని, ఇతర సంఘాలను కూడగట్టి, సిటీ హాలు దగ్గర ప్రజల కోసం మరుగుదొడ్లు కట్టాలని నగర అధికారుల వెంటపడింది. సారా తయారీదారులు, పెద్ద షాపులవాళ్లు అడ్డుపడ్డారు. గిరాకీ పోతుందని వాళ్ల భయం. అయినా పని ఆగలేదు.

ఈ పని మనకు చిన్నదిగా కనిపించదు. పొద్దున్నే బకెట్టు పట్టుకుని వరుసలో నిలబడి, బడి గంట కొట్టేస్తుందేమోనని ఆదుర్దాపడినవాళ్లకు మరుగుదొడ్డి విలువ తెలుసు. ఆడపిల్లల హాస్టళ్లలో ఉన్న మన అక్కచెల్లెళ్లకు ఇంకా బాగా తెలుసు. సేవ అంటే వేదిక, శాలువా, ఫోటో అనుకునే రోజుల్లో, అది జనానికి అత్యవసరమైన చోట మొదలవుతుందని ఈ కథ గుర్తుచేస్తుంది.

ఊరు దాటి, దేశం దాటి

క్లబ్బు బాగా నడుస్తున్నప్పుడు దాన్ని షికాగోకే ఉంచుకుందామని చాలామంది సభ్యులు అన్నారు. వేరే ఊళ్లు మనకెందుకని వాళ్ల ప్రశ్న. పాల్ హారిస్ ఒప్పుకోలేదు. 1907లో క్లబ్బు అధ్యక్షుడైన ఆయన ఈ విషయంలో సొంత మిత్రులతోనే పేచీ పడవలసి వచ్చింది. చివరికి 1908లో ఆ పదవి వదిలేశారు. ఆలోచన మాత్రం వదల్లేదు. అదే సంవత్సరం శాన్ ఫ్రాన్సిస్కోలో రెండో క్లబ్బు ఏర్పడింది. 1910 ఆగస్టు నాటికి 16 క్లబ్బులయ్యాయి. అవన్నీ షికాగోలో కలుసుకుని జాతీయ సంఘంగా ఏర్పడి పాల్ హారిస్‌ను మొదటి అధ్యక్షుణ్ణి చేసుకున్నాయి. తరువాత కెనడాలో విన్నిపెగ్, ఐర్లండులో డబ్లిన్, ఇంగ్లండులో లండన్ చేరాయి. 1919లో మనీలా, కలకత్తా నగరాల్లో క్లబ్బులు వచ్చాయి. అప్పట్లో మన ఆంధ్ర జిల్లాలకు రాజధానిగా ఉన్న మద్రాసులో 1929లో వచ్చింది. 1922లో సంస్థకు రోటరీ ఇంటర్నేషనల్ అనే పేరు స్థిరపడింది.

ఇదంతా పాల్ హారిస్ ఒక్కరే చేశారని అనడం తప్పు. 1910 నుంచి 1942 వరకు కార్యదర్శిగా ఉన్న చెస్లీ పెరీ రాత్రింబవళ్లు ఉత్తరాలు రాసి, లెక్కలు చూసి సంస్థను నిలబెట్టారు. తాను కట్టిన ఇంటికి పెరీ గోడలు లేపాడన్నట్లుగా హారిస్ ఆయనను గౌరవించేవారు. పని చేసేవాడికి పేరు రానివ్వడం కూడా ఒక గుణమే.

1910లో ఆయన జీన్ థామ్సన్‌ను పెళ్లి చేసుకున్నారు. ఆమె స్కాట్లండులోని ఎడింబరోలో పుట్టారు. ఒక బృందంతో కలిసి పొలాల వెంట నడకకు వెళ్లినప్పుడు ఆయన కోటు చిరిగింది. కుట్టిపెడతానని ఆమె ముందుకు వచ్చారు. పరిచయం అలా మొదలై పెళ్లయింది. షికాగో శివార్లలోని వారి ఇంటికి కామ్లీ బ్యాంక్ అని పేరు పెట్టుకున్నారు. పిల్లలు లేరు. ప్రపంచంలో ఎక్కడెక్కడి నుంచో వచ్చే అతిథులకు ఆ ఇంటి తలుపు తెరిచే ఉండేది.

1920ల చివరి నుంచి ఆ దంపతులు యూరప్, దక్షిణాఫ్రికా, జపాన్, చైనా, ఫిలిప్పీన్స్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణ అమెరికా దేశాలు తిరిగారు. వెళ్లిన చోటల్లా పాల్ హారిస్ స్నేహానికి గుర్తుగా ఒక మొక్క నాటేవారు. 1932లో బెర్లిన్‌లో నాటారు. 1935లో జపాన్‌లో నాటారు. కొన్నేళ్లకే ఆ దేశాలన్నీ యుద్ధంలో మునిగాయి. జర్మనీలో, జపాన్‌లో క్లబ్బులు మూతపడ్డాయి. తన జీవితకాలపు పని కళ్లముందే కూలుతున్నట్లు ఆ ముసలాయనకు అనిపించి ఉంటుంది. అయినా క్లబ్బుల స్నేహం వృథా కాలేదు. 1945లో శాన్ ఫ్రాన్సిస్కోలో ఐక్యరాజ్య సమితి నియమావళి రాస్తున్నప్పుడు వివిధ దేశాల ప్రతినిధులుగా, సలహాదారులుగా దాదాపు 49 మంది రోటరీ సభ్యులు అక్కడ ఉన్నారు.

పూలదండలకు బదులు చదువులు

1917లో రోటరీ అధ్యక్షుడు ఆర్చ్ క్లంఫ్ లోకానికి మేలు చేయడానికి ఒక నిధి ఉండాలని ప్రతిపాదించారు. దానికి వచ్చిన మొదటి విరాళం 26 డాలర్ల 50 సెంట్లు. దానికే తరువాత రోటరీ ఫౌండేషన్ అని పేరు వచ్చింది. చాలా ఏళ్లు ఆ నిధి నత్తనడకే నడిచింది.

పాల్ హారిస్ 1947 జనవరి 27న షికాగోలో కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 78 ఏళ్లు. తాను పోయాక పూలదండలు వద్దని, ఆ డబ్బు ఫౌండేషన్‌కు ఇవ్వమని ఆయన ముందే తెలియజేశారు. అన్ని దేశాల నుంచి చిన్నా పెద్దా విరాళాలు వచ్చాయి. పద్దెనిమిది నెలల్లో 13 లక్షల డాలర్లు పోగయ్యాయి. ఆ ఊపులోనే వేరే దేశంలో పై చదువులు చదవడానికి స్కాలర్‌షిప్పులు మొదలయ్యాయి. మొదటి జట్టులో 18 మంది విద్యార్థులు వెళ్లారు. చిన్నప్పుడు పరాయి ఊళ్లో పెరిగిన పిల్లవాడి చావు, పరాయి దేశంలో చదువుకునే పిల్లలకు దారి అయింది. ఆయన సమాధి మిత్రుడు సిల్వెస్టర్ షీల్ సమాధి దగ్గరే ఉంది.

ఊళ్లోని చిన్న క్లబ్బు దేశాల మధ్య పనులు ఎలా చేస్తుందో మనలో చాలామందికి తెలియదు. ఒక పట్టణంలోని క్లబ్బు ముందుగా అక్కడి అవసరం గుర్తించాలి. ఆసుపత్రికి డయాలసిస్ యంత్రం కావచ్చు, బడికి నీళ్ల ట్యాంకు కావచ్చు. మరో దేశంలోని ఒక క్లబ్బు భాగస్వామిగా కలవాలి. రెండూ కలిసి డబ్బు వేసుకుంటే ఫౌండేషన్ తన వాటా కలుపుతుంది. లెక్కలు రెండు క్లబ్బులూ చెప్పాలి. యువత మార్పిడి కార్యక్రమంలో పదిహేను నుంచి పంతొమ్మిదేళ్ల వయసు పిల్లలు వేరే దేశంలో ఒక కుటుంబంతో ఉండి బడికి వెళతారు. 1965 నుంచి 2013 వరకు నడిచిన మరో కార్యక్రమంలో రోటరీ సభ్యులు కాని యువ ఉద్యోగులు చిన్న బృందంగా వేరే దేశం వెళ్లి, అక్కడి కుటుంబాలతో ఉండి తమ వృత్తి అక్కడ ఎలా సాగుతుందో చూసి వచ్చేవారు.

ఇందులో ఒక చిక్కు ఉంది. యువత మార్పిడిలో బస, బడి అక్కడివాళ్లు చూసినా, విమానం ఖర్చు సాధారణంగా పిల్లల కుటుంబమే పెట్టుకోవాలి. కూలి చేసుకునే ఇంటి పిల్లలకు ఆ తలుపు అందడం కష్టం. ఇది మనం తెలుసుకోవాలి, అడగాలి కూడా.

రెండు చుక్కలు

మన అందరి ఇళ్లకూ వచ్చిన రోటరీ పని ఒకటి ఉంది. అది పోలియో చుక్కలు. 1979లో ఫిలిప్పీన్స్‌లో అరవై లక్షల మంది పిల్లలకు చుక్కలు వేయించే పనిని రోటరీ నెత్తికెత్తుకుంది. 1985లో పోలియో ప్లస్ అనే పేరుతో ప్రపంచమంతటికీ ఆ పని విస్తరించింది. 12 కోట్ల డాలర్లు పోగుచేయాలనుకుంటే 1988 నాటికి అంతకు రెట్టింపు వచ్చింది. ఆ ఏడాది ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ మొదలైన సంస్థలతో కలిసి పోలియోను తుడిచిపెట్టే ఉద్యమం మొదలైంది. అప్పుడు 125 దేశాల్లో ఏటా దాదాపు మూడున్నర లక్షల మంది పిల్లలు ఆ జబ్బున పడేవారు.

మన దేశంలో 1995 డిసెంబరు నుంచి పల్స్ పోలియో ఆదివారాలు వచ్చాయి. అంగన్‌వాడీ దగ్గర, బడి దగ్గర, బస్టాండులో బూత్ పెట్టి, చుక్కలు వేసిన పిల్లల చిటికెన వేలికి సిరా గుర్తు పెట్టేవారు. ఇటుక బట్టీల దగ్గరికి, వలస కూలీల గుడిసెల దగ్గరికి, కదిలే రైళ్లలోకి కూడా వెళ్లి వేశారు. ఆ పని చేసింది ప్రభుత్వం, ఏఎన్ఎంలు, అంగన్‌వాడీ అక్కలు. వాళ్లలో మన అమ్మలు, అక్కలు ఎందరో ఉన్నారు. రోటరీ సభ్యులు వాళ్ల పక్కన డబ్బుతో, బ్యానర్లతో, మనుషులతో నిలబడ్డారు. 2009లో మన దేశంలో 741 కేసులు వచ్చాయి. 2011 జనవరి 13న పశ్చిమ బెంగాల్‌లోని హౌరాలో నమోదైన కేసే చివరిది. 2014 మార్చి 27న మన దేశం పోలియో లేని దేశంగా ధ్రువపత్రం అందుకుంది.

మన హాస్టల్ పాత విద్యార్థుల్లో పోలియో కాలుతో నడిచినవాళ్లు ఉన్నారు. ఇప్పుడు ఆరో తరగతిలో చేరే తమ్ముళ్లకు ఆ జబ్బు పేరు పాఠంలో తప్ప తెలియదు. ఆకాశం నుంచి ఊడిపడని మార్పు ఇది. అయితే పని పూర్తి కాలేదు. పాకిస్తాన్, అఫ్గానిస్తాన్‌లలో ఆ వైరస్ ఇంకా వేళ్లూనుకునే ఉంది.

చక్రం ఎవరికోసం?

పాల్ హారిస్‌ను మెచ్చుకుంటూనే ఒక ప్రశ్న అడగాలి. ఆయన బతికున్నంత కాలం రోటరీలో ఆడవాళ్లకు సభ్యత్వం లేదు. ఆయనతో సగం లోకం తిరిగిన జీన్ కూడా సభ్యురాలు కాలేదు. ఆయన పోయాక ఆమె ఎడింబరో తిరిగి వెళ్లి 1963లో అక్కడే చనిపోయారు. 1977లో కాలిఫోర్నియాలోని డ్వార్టే అనే చిన్న ఊరి క్లబ్బు ముగ్గురు స్త్రీలను చేర్చుకుంది. సంస్థ ఆ క్లబ్బునే బయటికి గెంటింది. కేసు అమెరికా సుప్రీంకోర్టు దాకా పోయింది. 1987 మేలో కోర్టు డ్వార్టే క్లబ్బు పక్షాన తీర్పు చెప్పింది. 1989లో సంస్థ నియమం మార్చుకుంది. 2022లో జెనిఫర్ జోన్స్ అనే మహిళ తొలిసారి ప్రపంచ అధ్యక్షురాలయ్యారు. మొదటి సభకూ ఈ మార్పుకూ మధ్య నూటపదిహేడేళ్లు.

వలయం కట్టుకోవడం తేలిక. దాన్ని తెరవడం కష్టం. గుండ్రంగా కూర్చుంటే లోపలివాళ్ల ముఖాలు ఒకరికొకరికి బాగా కనబడతాయి, బయటివాళ్లకు మన వీపులే కనబడతాయి. ఊరి చివర పేటల నుంచి వచ్చిన మనకు వీపులు చూసే అనుభవం తరతరాలుగా ఉంది. కనుక మనం కట్టుకునే వలయం ఎలా ఉండాలో మనకే బాగా తెలియాలి.

మన పాత విద్యార్థులు ఏటా వార్షికోత్సవానికి వస్తారు. కలిసి భోజనం చేస్తారు, పాత గదులు చూసుకుంటారు, ఫోటో దిగుతారు. ఆ స్నేహం చాలా విలువైనది. అయితే 1906లో డోనాల్డ్ కార్టర్ వేసిన ప్రశ్న మనకూ వర్తిస్తుంది. ఈ స్నేహం మన సభ్యులకు తప్ప మరెవరికి పనికొస్తోంది?

మేము సంపాదక వర్గంగా కూర్చుని మూడు పనులు అనుకున్నాం. వచ్చే జూన్‌లో కొత్తగా చేరే ప్రతి పిల్లవాడికీ మొదటి నెలంతా తోడుగా ఉండటానికి పై తరగతి విద్యార్థి ఒకరిని ఏర్పాటు చేయడం మొదటిది. ర్యాగింగ్ అనే మాట మన గేటు లోపల వినిపించకూడదు. ఇతర జిల్లాల్లో, ఇతర రాష్ట్రాల్లో పై చదువులకు వెళ్లే మనవాళ్లకు అక్కడే ఉన్న పాత విద్యార్థి ఇంట్లో మొదటి వారం బస దొరికేలా ఒక జాబితా తయారుచేయడం రెండోది. హాస్టల్‌లో సీటు రాని మన పేటల పిల్లలకు సాయంత్రాలు మన వరండాలోనే చదువు చెప్పడం మూడోది. ఇవి పెద్ద పనులు కావు. 26 డాలర్లతో ఒక ఫౌండేషన్ మొదలైనప్పుడు, ఇవి మొదలుపెట్టడానికి మనకు ఏం అడ్డం?

ఆ రాత్రి వాలింగ్‌ఫర్డ్‌లో మూడేళ్ల పిల్లవాడికి ఒక ముసలాయన చెయ్యి అందించాడు. ఆ చెయ్యి పట్టుకుని నడిచినవాడు ప్రపంచమంతా చేతులు కలిపే ప్రయత్నం చేశాడు. రేపు మన గేటు దగ్గర ట్రంకు పెట్టె పక్కన నిలబడి, మలుపు తిరిగే బస్సును చూసే తమ్ముడు ఒకడు ఉంటాడు. వాడి బకెట్టును మన బకెట్టు పక్కన పెడదాం.